లోహ మెక్కువైన బల మెక్కువగునా?

పాత బుల్లెట్టు మోటారుసైకిలులో వెనుక షాక్ అబ్జార్బరును చట్రమునకు పట్టియుంచు మౌంటు అరిగినను, వంగినను, పగిలినను మన ఊళ్ల వర్కుషాపులలో వినవచ్చు ఉపాయములు రెండే. "ఆర్క్ పెట్టి నాలుగు పొరలు పోసేద్దాం సార్, పాతదానికంటే గట్టిగా ఉంటుంది" అనునది మొదటిది. ఆ నాలుగు పొరల ప్రక్కనే కొన్నాళ్లకు మరల నెఱ్ఱె విచ్చి, మరల పోసి, మరల విచ్చిన పిమ్మట వినవచ్చునది రెండవది: "ఇంక ఈ చాసీ పనైపోయింది, వేరే చాసీ చూసుకోండి." మొదటిది ఉత్సాహముతోను, రెండవది వైరాగ్యముతోను చెప్పబడుటచే ఇవి పరస్పర విరుద్ధములని తోచును గాని, నిదానించి చూచినచో రెండింటికిని వేరొక్కటే: బలమనునది లోహరాశిలో నున్నదనియు, విరిగినదనగా అచ్చట లోహము చాలలేదనియు, చాలనిచోట పోయవలెననియు, పోసినను నిలువనిచో మొత్తమును పారవేయవలెననియు నమ్ముట. ఈ నమ్మకము మెకానిక్కులకు మాత్రమే అంటగట్టుట అన్యాయము. పాతబండ్లను ప్రాణప్రదముగా చూచుకొను యజమానులలోను, ఇంజనీరింగు పట్టములు గోడకు వ్రేలాడదీసికొన్న పెద్దలలోను ఇది అంతే గాఢముగా నాటుకొనియున్నది. పైగా వారినోట అది శాస్త్రమువలె వినబడును కనుక మరింత ప్రమాదకరము. మౌంటు లోహము చాలక పోవుట లేదు, బిగువు చాలక పోవుచున్నదని నా వాదము. దానినుండి తక్కినవన్నియు తేలును.

ముందుగా ఆ భాగమెట్టిదో చెప్పవలెను. 1940వ దశకము కడపటివరకును పెక్కు మోటారుసైకిళ్ల వెనుక చక్రము చట్రమునకు కదలకుండ బిగింపబడియుండెడిది. గతుకును మ్రింగవలసిన భారము టైరుమీదను, సీటు క్రింది స్ప్రింగుమీదను, ఎక్కినవాని వెన్నెముకమీదను పడెడిది. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు సంస్థ 1948లో పోటీలలో నడిపి చూచి, మరుసటియేడు అమ్మకమునకు తెచ్చిన 346 సి.సి. బుల్లెట్టు, వెనుక చక్రమును స్వింగ్ ఆర్ముపై పైకిని క్రిందికిని ఊగనిచ్చి, ఆ ఊపును రెండు హైడ్రాలిక్ షాక్ అబ్జార్బర్లచే అదుపుచేసిన తొలితరము బ్రిటిష్ బండ్లలో నొకటి. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి ఆ రూపమునే మనదేశమున తయారుచేయ నారంభించెను. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడినను, మద్రాసు కర్మాగారమునుండి అదే ఎముకలగూడు స్వల్పభేదములతో దశాబ్దముల తరబడి వెలువడుచునే యుండెను. కనుకనే బెజవాడ ఆటోనగరులోనైనను, హైదరాబాదు కోఠి పరిసరముల సందులలోనైనను, యాభై యేండ్ల వయసుగల బుల్లెట్టు చట్రము మేస్త్రి యెదుటికి వచ్చుట వింతగాదు.

షాక్ అబ్జార్బరుకు రెండు కొనలయందును కన్ను వంటి రంధ్రముండును. ఆ కంటిలో రబ్బరు బుష్షు, ఆ రబ్బరు నడుమ ఉక్కు స్లీవు, ఆ స్లీవు గుండా చట్రముయొక్కయు స్వింగ్ ఆర్ముయొక్కయు స్టడ్డు లేక బోల్టు దూరియుండును. చూపునకు వ్రేలెడు కడ్డీ. కాని వెనుక సీటుపై కూర్చున్నవారి బరువును, దానికి జతకట్టిన బస్తా బరువును, గతుకున చక్రము ఎగిరిపడిన అదటును చట్రమున కెక్కవలెనన్నచో దారి యిదొక్కటే. పది మీటర్లకొక గతుకు చొప్పున లెక్కించినను—మన జిల్లా రోడ్ల విషయమున ఇది మిక్కిలి మర్యాదగల లెక్క—కిలోమీటరునకు నూరు, పదివేల కిలోమీటర్లకు పదిలక్షల పర్యాయము లా కడ్డీపై బరువు పడుచు తొలగుచుండును. ఈ పదిలక్షలు అను సంఖ్యను పాఠకుడు మనస్సున నుంచుకొనవలెను.

ఇక ప్రతిపక్షమువారి మొదటి వాదము: "పాత ఇనుము ముసలిదైపోయింది, పెళుసెక్కింది, అందుకే విరిగింది." ఈ వాదమునకు మన మెకానిక్కులకంటె చాల పెద్దల అండ యొకప్పుడుండెడిది. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుండి పారిసుకు వచ్చుచున్న రైలుబండి ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదానిపై నొకటి ఎక్కి, మంటలంటుకొని, యాభైమందికి పైగా మరణించిరి. ఆ విరిగిన ఇరుసు ముఖమున స్ఫటికములవంటి మెరుపు కనబడుటచే, అదురుపాటుచేత ఇనుము కాలక్రమమున స్ఫటికముగా మారి పెళుసెక్కునని నాటి ఇంజనీర్లలో పెక్కుమంది నమ్మిరి. 1843లో రాంకిన్ అను యువకుడు, అప్పటికింకను పేరులేనివాడు, విరిగిన ఇరుసులను పరీక్షించి, లోహమంతయు మారిపోలేదనియు, ఇరుసు లావునుండి సన్నమునకు దిగు భుజమువద్ద, మూల పదునుగా నున్నచోట, సన్నని నెఱ్ఱె పుట్టి మెల్లమెల్లగా లోనికి ప్రాకినదనియు, ఆ భుజమును గుండ్రని వంపుగా తీర్చినచో విరుగుట తగ్గుననియు చెప్పెను. తరువాతి దశాబ్దములలో జర్మను రైల్వే ఇంజనీరు వోలర్ ఏండ్లతరబడి ఇరుసులను యంత్రముపై త్రిప్పి, ఒక్కసారి మోసినపుడు పెద్ద బరువునకు నిక్షేపముగా నిలుచు లోహము, లక్షలసారులు మోసినపుడు అంతకంటె ఎంతో తక్కువ బరువుననే విరుగునని స్థాపించెను. ఈ సిద్ధాంతము పుట్టి నూటయేబది యేండ్లు దాటినను, మనము ఇంకను 1842లోనే నిలిచి, ఇనుమునకు వార్ధక్యమును అంటగట్టుచున్నాము! యాభై యేండ్లు గోడలో నున్న ఉక్కు గొట్టము నేడు కోసి చూచినను తొలినాటి ఉక్కే. పగిలిన మౌంటు ముఖమును కడిగి చూడుడు: ఒకవైపు నునుపుగా, అలలు అలలుగా గీతలుదేరి, తుప్పుతో నల్లబడి యుండును, మరియొక వైపు గరుకుగా, తెల్లగా మెరయుచుండును. ఆ నునుపుభాగము నెలలతరబడి పగులుచు వచ్చినది. గరుకుభాగము కడపటి క్షణమున తెగినది. నునుపుభాగము ఎక్కడ మొదలైనదో వెదకినచో అది ఒక పదునైన మూలవద్దనో, ఒక గీటువద్దనో, పాత వెల్డింగు అంచువద్దనో తేలును. ముసలితనమైనచో అంతటను పగులవలెను గదా!

అయినచో ఆ నెఱ్ఱె పుట్టుటకు కారణమేమి? నూటికి తొంబదిపాళ్లు వదులుతనమే యని నా అభిప్రాయము. లెక్కగట్టి చెప్పుచున్న మాట కాదు, విప్పి చూచిన మౌంట్ల ముఖములు చెప్పించుచున్న మాట. రబ్బరు బుష్షు నడుమనున్న ఉక్కు స్లీవు స్టడ్డుపై తిరుగుటకు ఉద్దేశింపబడినది కాదు. నట్టును బిగించినపుడు వాషరు ఆ స్లీవు కొనను పట్టి, స్టడ్డు భుజమునకు ఒత్తి, రెండింటిని ఏకము చేయవలెను. షాక్ అబ్జార్బరు ఊగినపుడు మెలిదిరుగవలసినది రబ్బరే. కాని స్లీవు ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిదైన నకిలీ బుష్షు వేసిననాడు, లేక పలుచని వాషరు తగిలించిననాడు, నట్టు రబ్బరును పిండుచుండునేగాని స్లీవును పట్టదు. అప్పుడు స్లీవు స్టడ్డుపై తిరుగనారంభించును, దుమ్ము చేరును, దుమ్ము సానరాయియై స్టడ్డును గాడిగా కోయును. ఎడ్లబండి ఇరుసు చక్రపు కుండలో వదులైన పిదప ఇరుసునకు ఇనుపకట్లు వేసినను ప్రయోజనముండదని మన పాత వడ్రంగులకు చెప్పనక్కరలేదు, తినివేయునది ఖాళీ.

ఆ గాడి ఎంత ప్రమాదమో చిన్న గణితముతో తేలును. గుండ్రని కడ్డీ వంపునకు ఓర్చు శక్తి దాని వ్యాసముయొక్క ఘనమును బట్టి యుండును. 12 మిల్లీమీటర్ల స్టడ్డు అరిగి 10.5కు దిగినదనుకొందము, కంటికి ఒకటిన్నర మిల్లీమీటరు తరుగుదల, "పర్వాలేదు" అని మేస్త్రి తల ఊపు తరుగుదల. కాని 10.5ను 12చే భాగించి ఘనము చేయగా వచ్చునది 0.67, అనగా మూడవవంతు బలము పోయినది. దానికి తోడు, అదే మేస్త్రి వదులును కప్పిపుచ్చుటకై స్టడ్డు మొదట రెండు వాషర్లు చేర్చి షాక్ అబ్జార్బరును ఐదు మిల్లీమీటర్లు బయటికి జరిపినాడనుకొందము. పట్టు కేంద్రము చట్రమునకు ఇరవై మిల్లీమీటర్ల దూరమునుండి ఇరవైయైదునకు పోయినది. వంచు బలము నాలుగవ వంతు పెరిగినది. బలము మూడవవంతు తరిగి, భారము నాలుగవవంతు పెరిగినపుడు ఆ కడ్డీ ఒత్తిడి తొలినాటికి ఇంచుమించు రెట్టింపగును. ఇందులో ఇనుము ముసలితన మెక్కడ? లోహము తక్కువ పోసిన కర్మాగారము తప్పెక్కడ?

ఇంకొక కారణమును ఎవరును లెక్కించరు. షాక్ అబ్జార్బరులోని నూనె కారిపోయిన పిదప లోపల మిగులునది స్ప్రింగొక్కటే. గతుకు దిగినపుడు అణగిన స్ప్రింగు అడ్డులేక విచ్చుకొని, కడకొనకు వచ్చి 'ఠక్కు'మని ఆగును. ఆ ఠక్కుమనుట మౌంటును పైకి ఒత్తుటగాక క్రిందికి గుంజుట. అణచుటకు ఓర్చుకొను మౌంటు నిమిషమునకు పలుమారులు ఇట్లు గుంజబడుచున్నచో, అటు నిటు మారుచుండు ఈ భారమే నెఱ్ఱెకు ప్రీతియైన ఆహారము. కారుచున్న షాక్ అబ్జార్బరును మార్చక మౌంటును మాత్రము వెల్డింగు చేయించు యజమానికి మేస్త్రిని నిందించు హక్కు లేదు.

ఇప్పుడు ఆర్క్ వెల్డింగు ముద్దలోనికి దిగుదము. ఆ కాలపు బ్రిటిష్ సంప్రదాయపు చట్రములలో పెక్కింటియందు గొట్టములు కలియుచోట పోతపోసిన ఇనుప లగ్గులుండి, గొట్టము లగ్గులో దూర్చబడి, వెలిగారముతో ఇత్తడిని కరిగించి అతుకబడియుండెడిది. తరువాతి కాలమున గొట్టమును గొట్టమునకు నేరుగా వెల్డు చేయుట ప్రబలినది. చేతిలోనున్న చట్రము ఏ సంప్రదాయమునకు చెందినదో, కనీసము ఆ మౌంటు మొదలు ఏ లోహమో చూడకుండ పుల్ల అంటించుటయే మొదటి నేరము. పోతలగ్గుకు మొదట పెళుసుగా పోతపోసి, దీర్ఘకాలము కాచి, సాగు గుణము తెప్పించియుందురు. ఆర్క్ ఆ లోహమును మరల కరిగించినపుడు ఆ గుణమంతయు క్షణములో పోయి, చల్లారునప్పటికి అంచువెంబడి తెల్లని గాజువంటి పెళుసు ఇనుము మిగులును. ఇక ఇత్తడి అతుకున్నచోట ఆర్క్ పెట్టుట అంతకంటె ఘోరము: కరిగిన ఇత్తడిలోని రాగి ఎర్రగాకాలిన ఉక్కు రేణువుల నడుమకు చొచ్చుకొనిపోయి, పైకి చక్కగా కనబడు అతుకు క్రింద కంటికానని పగుళ్లను తెచ్చును. మన మేస్త్రి ముద్దపై ముద్ద పోయుచున్నపుడు "పట్టడం లేదు సార్, ఇనుము మంచిది కాదు" అని గొణుగుట పలువురు విన్నదే. ఇనుము మంచిదే, క్రింద ఇత్తడి యున్నది.

మెత్తని ఉక్కు గొట్టమే యైనను పరిస్థితి అంత మెరుగుకాదు. రెండు, రెండున్నర మిల్లీమీటర్ల దళసరిగల గొట్టముపై 3.15 మిల్లీమీటర్ల పుల్లతో, గేటుకు వెల్డింగు చేయు కరెంటుతో చేయి పెట్టినచో మొదట చిల్లి పడును. చిల్లిని పూడ్చుటకు మరల పోయుదురు. పూడ్చినదాని అంచున గొట్టము కోసుకొనిపోయి సన్నని కాలువ పడును. ఆ కాలువయే రాంకిన్ చెప్పిన పదునైన మూల. లావైన ముద్ద వంగదు. దాని ప్రక్క సన్నని గొట్టము వంగును. వంపంతయు ఆ సరిహద్దుననే పోగగును. పదిలక్షల గతుకులు ఆ సరిహద్దును వెదకికొని పోవును. ఇది చాలదన్నట్లు మరికొందరు ముద్దకు అటునిటు ముక్కోణపు పట్టీలు తగిలించి, పట్టీ కొనవద్ద పగిలినపుడు మరింత పొడవైన పట్టీ వేయుదురు. పగులు జరుగుచున్నదేగాని పోవుటలేదు. ఈ క్రమమున ఒక్కొక్క బండి వెనుకభాగము ఇనుపసామాను దుకాణమును తలపించుట చూచినవారికి తెలియును. పాతదానికంటె గట్టి యనుట ఒక విధముగా నిజమే. ఆ గట్టితనమే దాని పొరుగును విరుచుచున్నది.

"ఇత్తడి మెత్తన గదా, దానితో అతికితే నిలుస్తుందా?" అని అడుగువారున్నారు. ఈ ప్రశ్నకు ప్రయోగశాలకంటె పరుగుపందెమే మంచి సమాధానము. 1950లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపమున సీనియర్ టి.టి. పందెమును జెఫ్ డ్యూక్ గెలిచిన నార్టన్ బండి చట్రము—'ఫెదర్‌బెడ్' అని పేరుపొందినది, బెల్‌ఫాస్టు నగరపు మెకాండ్లెస్ సోదరుల సృష్టి—రేనాల్డ్స్ వారి పలుచని మిశ్రమలోహపు గొట్టములను కంచుపుల్లతో అతికినదే. కొండదారులలో వందమైళ్ల వేగమున కొట్టుకొనుచు నిలిచిన అతుకు, గుడివాడ రోడ్డుపై నలుబది మైళ్ల వేగమున నిలువదని చెప్పుటకు గుండెధైర్యము కావలయును. రాగి అరువదిపాళ్లు, తుత్తునాగము నలుబదిపాళ్లు గల మంచి అతుకుపుల్ల లాగుడుబలమున మెత్తని ఉక్కునకు ఇంచుమించు సమానమే. దాని గొప్పతనము మరియొకటి కలదు: అది సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడువద్ద కరుగును, ఉక్కు 1500 ప్రాంతమున గాని కరుగదు, కనుక గొట్టము కరుగకయే, కాలువ పడకయే, పుల్ల కేశాకర్షణచే సందులోనికి పాకి నిండును. అంచున గుండ్రని వంపు తనంతట తానే ఏర్పడును. రాంకిన్ కోరిన వంపును ఇచ్చట వెలిగారమే సమకూర్చుచున్నది.

ఆర్క్ వెల్డింగును మొత్తముగా దూషించుట నా ఉద్దేశము కాదు. వెల్డు చేసిన చట్రములపై లోకమంతయు తిరుగుచున్నది. ఇత్తడి లేని మెత్తని ఉక్కు గొట్టముమీద, ఆర్గాన్ వాయువు నడుమ సన్నని పుల్లతో నెమ్మదిగా చేయగల నేర్పరి దొరికినచో అతని పని ఇత్తడి అతుకునకు ఏమాత్రమును తీసిపోదు. నా జగడము యంత్రముతో కాదు, 'ఎంత లావైతే అంత మేలు' అను మంత్రముతో.

ఆ మంత్రమే బోల్టుల విషయమునను పలుకుచున్నది. స్టడ్డు మరలు పోయినవా? పెద్ద రంధ్రము తొలిచి పెద్ద బోల్టు వేయుమందురు. తొలిచిన కొలది చుట్టునున్న గోడ సన్నబడునని ఎవరును ఆలోచింపరు. అంతకంటె సూక్ష్మమైన ద్రోహమొకటి కలదు. ఆ సంప్రదాయపు బండ్లలో సైకిలు మర అని పిలువబడు సి.ఇ.ఐ. మర అంగుళమునకు 26 పోగులు. అనగా పోగుకు పోగుకు నడుమ 0.977 మిల్లీమీటరు. నేటి కొన్ని సన్నమర మెట్రిక్కు నట్లలో ఆ దూరము సరిగా ఒక మిల్లీమీటరు. తేడా ఎంతో స్వల్పమగుటచే నట్టు నాలుగైదు చుట్లు సుఖముగానే ఎక్కును. పదిచుట్లకు పావు మిల్లీమీటరు తేడా పోగై పట్టివేయును. మూడెనిమిదవ వంతు అంగుళపు స్టడ్డు 9.525 మిల్లీమీటర్లు గదా, దానికి పది మిల్లీమీటర్ల నట్టు దాదాపు సరిపోయినట్లే యుండును. స్పానరుకు బిగువు తెలియును. కాని పట్టుకొన్నవి మరల శిఖరములు మాత్రమే. ఆ 'బిగువు' నెలతిరుగకముందే వదులగును, వదులైన నట్టు స్లీవును విడుచును, తక్కిన కథ పైన చెప్పితిని. నట్టు బిగిసినది గదా యని బండి ఇచ్చివేయుటకు ముందు మరగేజి యొకటి పెట్టి చూచుటకు అరనిమిషము పట్టదు.

రబ్బరును తీసివేసి దానిచోట ఇత్తడి బుష్షునో నైలాను బుష్షునో గట్టిగా కొట్టించు యజమానులు మరియొక తెగ. అరుగుడు తగ్గునని వారి ఆశ. పాత స్వింగ్ ఆర్ము ఎంతో కొంత పక్కకు మెలికపడుచునే యుండును. ఆ మెలికను రబ్బరు దిగమ్రింగును, ఇత్తడి దిగమ్రింగక యథాతథముగా స్టడ్డునకు అప్పగించును. రబ్బరును ఓడించినామని సంతసించువారు స్టడ్డును బలిపెట్టుచున్నారు.

సరియైన పని ఎట్లుండవలెనో చెప్పక ఖండించుట సులభము కనుక దానినిగూడ చెప్పెదను. మొదట షాక్ అబ్జార్బరును విప్పి, మౌంటు చుట్టును జానెడు మేర రంగును లోహము కనబడువరకు గీకవలెను. కిరోసిను పూసి అరగంట ఉంచి, పొడిగుడ్డతో శుభ్రముగా తుడిచి, సుద్దపొడి అద్ది, సుత్తితో మెల్లగా తట్టినచో, నెఱ్ఱెలో దాగిన కిరోసిను సుద్దపైకి ఊరి సన్నని గీత గీయును. రైలు ఇరుసులను ఒకప్పుడు ఈ విధముననే పరీక్షించెడివారు. దీనికి ఖర్చు రెండు సుద్దముక్కలు. గీత ఎచ్చట ముగియునో అచ్చట మూడు మిల్లీమీటర్ల చిల్లి పెట్టినచో నెఱ్ఱె ముందుకు సాగుట చాలవరకు ఆగును. తరువాత రెండు ప్రక్కల పై మౌంట్లు ఒకే వరుసలో నున్నవో లేదో, ఆ వరుస స్వింగ్ ఆర్ము ఇరుసునకు సమాంతరముగా నున్నదో లేదో, రెండుచోట్ల నుండియు కొలిచి చూడవలెను. ఇది చేయక అతికినచో వంకరను శాశ్వతము చేసినట్లే. షాక్ అబ్జార్బరు ప్రక్కకు గుంజుచు కొత్త స్టడ్డును గూడ తినును. పెక్కు వర్కుషాపులలో ఈ కొలత జరుగదు. కంటిచూపుతో "సరిపోయింది" అందురు.

అరిగిన స్టడ్డుపై ముద్దపోసి ఆకురాయితో గుండ్రముగా రుద్దుట పనికిరాదు. దానిని మొదలంట కోసివేసి, ఇ.ఎన్.8 వంటి మధ్యరకపు కర్బన ఉక్కుతో లేతుమీద కొత్త స్టడ్డు తీయించవలెను. భుజమువద్ద పదునైన మూల విడువక, రెండు మిల్లీమీటర్ల వంపైనను విడువుమని టర్నరునకు నొక్కిచెప్పవలెను, లేనిచో అతడు పనిముట్టు కొన ఎట్లున్న అట్లే దించును. బోల్టు రంధ్రము కోడిగ్రుడ్డువలె సాగినచో దానిని రీమరుతో గుండ్రముచేసి, ఉక్కు బుష్షు ఒత్తి, తొలి కొలతకే తేవలెను. అతుకవలసిన ముఖములను లోహము మెరయునట్లు శుభ్రముచేసి, కొత్త స్టడ్డును పొడవైన కడ్డీతో రెండవ ప్రక్క మౌంటు వరుసకు నిలిపి కట్టి, గ్యాసు మంటతో విశాలముగా, నెమ్మదిగా వేడిచేసి, వెలిగారము గాజువలె పారినపిదపనే పుల్ల తాకించవలెను. చల్లార్చుటకు నీళ్లు చల్లినచో చేసినదంతయు వ్యర్థము, గాలికే వదలవలెను. పెట్రోలు ట్యాంకును విప్పి దూరముగా పెట్టుమని ప్రత్యేకముగా చెప్పనక్కరలేదనుకొందును, కాని తడిగుడ్డ కప్పి పనికానిచ్చు ధీరులను మన మెరుగుదుము. పూతపూసిన నట్లు వాషర్లను మంటదరిని ఉంచరాదు. కాడ్మియము, తుత్తునాగముల పొగ ఊపిరితిత్తులకు విషము.

ఇక రెండవ ఉపాయము, చాసీ మార్చుట. దీనిని చెప్పువారు తమను తాము విశాలహృదయులుగా భావింతురు. "చిల్లర రిపేర్లెందుకు, కొత్తదే వేసేద్దాం" అందురు. వాహనపు గుర్తింపు సంఖ్య చెక్కబడియున్నది ఆ చట్రముమీదనే. అది పోయిన పిదప మిగులునది విడిభాగముల మూట. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజి వాహనముల రిజిస్ట్రేషనుకై చేసిన నియమములు యాభై యేండ్లు దాటిన ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు 'వి.ఎ.' గుర్తుగల ప్రత్యేక సంఖ్యను పదేండ్ల గడువుతో ఇచ్చుటకు అవకాశము కల్పించినవి. కాని చట్రమునందో ఇంజనునందో మార్పులతో కూడిన పెద్ద మరమ్మతు జరుగక వాహనము తొలి రూపముననే యుండవలెనని నియమము. వ్రేలెడు స్టడ్డుకొరకు చట్రమునే మార్చినవాడు ఆ యోగ్యతను తన చేతులార పాడుచేసికొనుచున్నాడు. ముక్కోణపు పట్టీలతో చట్రమును గుర్తుపట్టరానట్లు చేసినవాడును తనిఖీ అధికారికి నచ్చజెప్పవలసిన స్థితినే తెచ్చుకొనుచున్నాడు. పోనీ, చట్టము సంగతి ప్రక్కన పెట్టుదము. మార్చి తెచ్చిన చట్రమునకు పాత నకిలీ బుష్షే, పాత పలుచని వాషరే, నూనెకారు పాత షాక్ అబ్జార్బరే బిగింపబడుచున్నవి గదా! కారణము బండితోపాటే కొత్త చట్రమునకు సంక్రమించినది. అంతకంటె విషాదమేమనగా, ఇట్లు తెచ్చిన చట్రములలో పెక్కు ఎచ్చటనో పగిలి, ముద్దపోసి, రంగుపూసి అమ్మకమునకు వచ్చినవే; రంగు గీకి చూచువాడు అరుదు. కొన్నింటి సంఖ్యల పుట్టుపూర్వోత్తరములను అడుగకుండుటయే కొనువానికి మేలని అమ్మువారే సూచించుచుందురు.

కడపటి ఆక్షేపణ డబ్బునకును కాలమునకును సంబంధించినది. ముద్దపోయుటకు అరగంట, కూలి అల్పము. నేను చెప్పిన విధముకు లేతువానియొద్దకును, గ్యాసు వెల్డరునొద్దకును తిరుగవలెను, రెండుమూడు రోజులు బండి కదలదు. ఈ మాట నిజము, కాదనను. కాని ముద్ద ఖర్చును ఒక్కసారి ఖర్చుగా లెక్కించుట సరిగాదు. అది వాయిదాలలో కట్టు అప్పు. ఇంకొక నిజమును గూడ ఒప్పుకొనవలెను: ఇత్తడి అతుకు చక్కగా చేయగల గ్యాసు వెల్డర్లు మన పట్టణములలో తరిగిపోవుచున్నారు. చేయించువారు లేక చేయువారు తగ్గినారు. చేయువారు లేరని చేయించువారు ముద్దకు ఒప్పుకొనుచున్నారు. పాత రేడియేటర్లు, ఇత్తడి పాత్రలు, సైకిలు చట్రములు అతికిన చేతులు ఇంకను కొన్ని కలవు. మోటారుసైకిళ్ల వీధిలో కనబడనిచో కంచరివారి వీధిలో అడిగి చూడవలెను.

ఇదివరకే ముద్దలు పోయించుకొన్న చట్రము చేతిలోనున్నవారు ఏమి చేయవలెనని అడుగుదురు. ఆ ముద్దను వెంటనే గ్రైండరుతో కోసివేయుమని నేను చెప్పను. కోయునపుడు క్రింది గొట్టమును గూడ కోయు చేయి మన కెరుకే. మొదట సుద్ద పరీక్ష చేసి, అంచువెంబడి గీత ఏదియు లేనిచో ఉన్నదానిని ఉన్నట్లే విడిచి, బుష్షును, వాషరును, నట్టు మరను, షాక్ అబ్జార్బరు నూనెను సరిచేయించి నడుపవచ్చును. గీత కనబడినచో, ఆ ముద్ద క్రింద ఇత్తడి యున్నదో లేదో అంచున ఆకురాయితో రెండు గీతలు గీసి చూడవలెను. పసుపు మెరుపు కనబడినచో ఆర్క్ పుల్లను దాని దరిదాపులకు రానీయక, ముద్దను మెల్లగా ఆకురాయితో దించి, వెలిగారముతో మరల అతికించవలెను. తెల్లని ఉక్కే యైనచో ఆర్గాన్ తెలిసిన చేతికి అప్పగింపవచ్చును. ఏదైనను వానకాలము ముగిసి, రోడ్లు గుంతలుపడి, బండ్లు ఎక్కువగా ఎగిరిపడు ఆ కార్తికమాసపు రోజులలో ఒకమారు రంగుగీకి సుద్ద రాచి చూచుకొనుట మంచిది.